మీ ఊరిని వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం

హైదరాబాద్‌లో ఉండే ఒక కుటుంబానికి బోరంచ నల్లపోచమ్మ మొక్కు ఉందనుకోండి. బయల్దేరే ముందు రోజు రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతారు. నారాయణఖేడ్ దాకా సరే, అక్కడి నుంచి ఎట్లా పోవాలి? గుడి దగ్గర వంట చేసుకోవడానికి చోటుందా, కట్టెలు దొరుకుతాయా, వెంట తీసుకుపోవాలా? మంజీరలో ఇప్పుడు నీళ్లెంత ఉన్నాయి, పిల్లలు స్నానానికి దిగొచ్చా? ఏ వారం జనం ఎక్కువ, ఏ వారం తక్కువ? వెతికితే మండలం పేరు, జిల్లా పేరు చెప్పే పేజీలు కనిపిస్తాయి. జాతర రోజుల్లో వచ్చిన చిన్న చిన్న వార్తలు కనిపిస్తాయి. పాట జోడించిన వీడియోలు కొన్ని ఉంటాయి. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు తెలిసినవాళ్లు మాత్రం బోరంచలోనే ఉన్నారు. ఆ జవాబులను ఒకచోట రాసి పెట్టే పని ఎవరో ఒకరు చేపట్టాలి.

ఈ అధ్యాయం ఆ పని చేపట్టబోయేవాళ్ల కోసం. మీది బోరంచే కానక్కర్లేదు. తెలుగు రాయడం వచ్చి, చేతిలో ఒక ఫోను ఉండి, ఊరి మీద ప్రేమ ఉంటే చాలు. బ్లాగు పెట్టడానికి డబ్బు అక్కర్లేదు. 1999లో మొదలై 2003లో గూగుల్ చేతికి వచ్చిన బ్లాగర్, అదే 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఖాతా తెరవడం అరగంట పని. ఆ అరగంటకు ముందు చేయాల్సిన ఆలోచన గురించే నేను చెప్పదలచుకున్నాను.

బ్లాగు పెట్టాలనుకునేవాళ్లు మామూలుగా రోజూ వచ్చి చదివే అభిమానులను ఊహించుకుంటారు. నెల తిరిగేసరికి పది మంది కూడా చదవడం లేదని తెలిసి ఆపేస్తారు. ఊరి గురించి రాసే బ్లాగుకు అసలు పాఠకుడు ఆ అభిమాని కాదు. అసలు పాఠకుడు మిమ్మల్ని ఎరగడు. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. రేపు రావచ్చు, ఆరేళ్ల తర్వాత రావచ్చు. ముందు పేజీకి కాకుండా నేరుగా మధ్యలో ఎక్కడో ఉన్న ఒక టపా మీదికి వచ్చి వాలతాడు. తనకు కావలసింది దొరికితే చదువుకుని వెళ్లిపోతాడు. ఆయన్ను మనసులో పెట్టుకుని చూస్తే బ్లాగులో ఏ భాగం దేనికోసం ఉందో, దేనికి ఎంత శ్రమ పెట్టాలో దానంతటదే తేలిపోతుంది.

ముందు అన్నిటికంటే ముఖ్యమైన తేడా: టపా వేరు, పేజీ వేరు. మీరు కొత్తగా రాసి ప్రచురించే ప్రతిదీ టపా. దానికి తేదీ ఉంటుంది. కొత్తది పైన, పాతది కిందికి జరుగుతూ పోతాయి. పేజీ అట్లా జరగదు. పైన మెనూలోనో పక్కపట్టీలోనో స్థిరంగా ఉంటుంది. మొదటిసారి బ్లాగు పెట్టినవాళ్లలో చాలామంది ఈ తేడాను పట్టించుకోరు, అంతా టపాలుగానే రాసేస్తారు. "బోరంచకు ఎలా రావాలి" అన్నది టపాగా రాస్తే ఏడాదిలో అది ఎక్కడో అడుగుకు పోతుంది, బస్సు వేళలు మారినా అందులో పాతవే ఉండిపోతాయి. దాన్ని పేజీగా పెట్టాలి. వేళలు మారినప్పుడల్లా దిద్దాలి, చివర "ఫలానా నెలలో సరిచూశాం" అని ఒక వాక్యం రాయాలి. ఈ ఏడు జాతర ఎట్లా జరిగిందన్నది మాత్రం టపా. దాన్ని మళ్లీ దిద్దకూడదు. వచ్చే ఏడు జాతరకు మరో టపా రాయాలి. ఎప్పటికప్పుడు మారేది పేజీలోకి, ఒకసారి జరిగి అయిపోయింది టపాలోకి. ఈ ఒక్క నియమం పాటించినా మీ బ్లాగు మూడొంతులు గాడిన పడుతుంది.

ఇక తేదీ. చాలా అలంకారపు నమూనాల్లో (థీముల్లో) తేదీని దాచేసే సౌకర్యం ఉంటుంది, బ్లాగు ఎప్పటికీ తాజాగా కనిపిస్తుందని కొందరు దాచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. దానికి ముందరి ఏళ్లలో రాసిన కాగితాల్లో బోరంచ మెదక్ జిల్లాలో ఉంటుంది, ఆ తర్వాత రాసిన దాంట్లో సంగారెడ్డి జిల్లాలో ఉంటుంది. నాగల్‌గిద్ద, సిర్గాపూర్ మండలాలు కూడా అప్పుడే ఏర్పడ్డాయి. తేదీ లేని టపాలో "మా జిల్లా" అని ఉంటే చదివేవాడికి ఏ జిల్లానో ఎట్లా తెలుస్తుంది? నీళ్ల సంగతీ అంతే. 2016 వేసవిలో మంజీర మీద కట్టిన సింగూరు ప్రాజెక్టు అడుగంటింది. అదే ఏడాది సెప్టెంబరు వానలకు నిండిపోయింది. దాదాపు 30 టీఎంసీలు పట్టే ప్రాజెక్టు ఒకే సంవత్సరంలో రెండు రకాలుగా కనిపించింది. తేదీ లేకుండా "మంజీరలో నీళ్లు లేవు" అని రాసిన టపా చదివిన మనిషికి మేలు చేయదు, తప్పుదోవ పట్టిస్తుంది.

నాకు ఊరి బ్లాగుల్లో అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఈ నీళ్ల దగ్గరే వచ్చింది. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, కర్ణాటకలో బీదర్ మీదుగా వచ్చి, నారాయణఖేడ్ ప్రాంతంలోనే తెలంగాణలో అడుగు పెడుతుంది. నల్లపోచమ్మ గుడి దగ్గర ఒడ్డున ఒక చోటు ఎంచుకోండి. ప్రతి నెల ఒకటో తారీఖున అదే చోట నిలబడి, అదే దిక్కుకు ఫోను పట్టుకుని ఒక ఫోటో తీసి రెండు వాక్యాలతో టపా వేయండి. మొదటి మూడు నెలలు అది ఎవరికీ ఏమీ అనిపించదు. నాలుగేళ్లు గడిస్తే అదొక నదీ చరిత్ర అవుతుంది. నారాయణఖేడ్ పొలాలకు ఎత్తిపోతల నీళ్ల గురించి ఎన్నో మాటలు వింటున్నాం. 2022 ఫిబ్రవరి 21న సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు నారాయణఖేడ్‌లోనే శంకుస్థాపన జరిగింది. అటువంటి పథకాల మాట వచ్చినప్పుడు ఒడ్డున ఉన్న ఊరి దగ్గర తేదీలతో కూడిన ఫోటోలు ఉండటం ఎంత బలమో ఆలోచించండి. దానికి కావలసింది రచనా ప్రతిభ కాదు, నెలకోసారి నది దాకా నడిచి వెళ్లే ఓపిక.

టపా శీర్షిక దగ్గర చాలామందికి కవిత్వం వస్తుంది. "అమ్మ ఒడిలో ఒక రోజు" అని పెడతారు. వెతికేవాడు ఆ మాటలతో వెతకడు కదా! "బోరంచ నల్లపోచమ్మ జాతర" అని వెతుకుతాడు. ఊరి పేరు, విషయం, అవసరమైతే సంవత్సరం శీర్షికలో ఉండాలి. కవిత్వం మొదటి పేరాలో రాసుకోవచ్చు. ఇంకొకటి: మన ప్రాంతంలో పేర్లు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు. మనూరు, మనూర్. నారాయణఖేడ్, నారాయణ్‌ఖేడ్. మాటల్లో వట్టి ఖేడ్. మీకు అలవాటైన తీరులోనే రాయండి, అయితే టపాలో ఎక్కడో ఒకచోట పూర్తి పేరు, వాడుక పేరు రెండూ వచ్చేలా చూడండి.

శీర్షిక వెనక కనిపించకుండా ఉండేది చిరునామా, అంటే ఆ టపా లింకు. తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడొక చిక్కు ఉంది, దాని గురించి ఇంగ్లీషు పుస్తకాలు చెప్పవు. బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే అది ఆ అక్షరాలను చిరునామాలోకి తీసుకోలేదు. "బ్లాగ్-పోస్ట్" అనే ఇంగ్లీషు మాటల పక్కన ఒక అంకె చేర్చి వదిలేస్తుంది. మీ టపాలన్నీ ఒకే పేరుతో, అంకెల తేడాతో మిగులుతాయి. వర్డ్‌ప్రెస్ తెలుగును తీసుకుంటుంది గానీ, ఆ లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులు, అంకెలతో అరచేతి పొడవు గజిబిజిగా కనిపించవచ్చు. చూసినవాళ్లు ఏదో మోసపు లింకు అని నొక్కరు. అందుకని ప్రచురించే ముందే టపా సెట్టింగుల్లో పర్మాలింక్ అన్నచోటికి వెళ్లి, ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న చిరునామా మీరే రాయండి. ఊరి పేరు, విషయం, సంవత్సరం, మధ్యలో అడ్డగీతలు. ఒకసారి ప్రచురించాక దాన్ని మార్చకండి. ఎవరో ఎక్కడో దాచుకున్న లింకు పనిచేయకుండా పోతుంది.

టపాలను విషయాల వారీగా విడదీసే లేబుళ్లను నేను అంగడిలో దినుసుల డబ్బాల మీద అంటించిన చీటీల్లాగా చూస్తాను. డబ్బాలు ఏడెనిమిది ఉంటే చీటీలు పనికొస్తాయి. గింజకో చీటీ అంటిస్తే ఏదీ దొరకదు. బోరంచ బ్లాగుకైతే గుడి-జాతర, మంజీర, పంటలు, దారి-బస్సులు, బడి, పాత ముచ్చట్లు, మాటలు-సామెతలు, ఇవి చాలు. రాసే ముందే ఈ జాబితా కాగితం మీద వేసుకోండి. ఏ టపా ఏ లేబుల్ కిందికి వస్తుందో తోచకపోతే తప్పు లేబుల్‌లో ఉండకపోవచ్చు, ఆ టపా మీ బ్లాగు విషయానికి దూరంగా పోతోందేమో చూడండి. ఒక లేబుల్ కింద ఏడాది దాకా ఒకటే టపా ఉంటే దాన్ని తీసేయండి.

"మా గురించి" అన్న పేజీని ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు, లేదంటే తమ చదువు, ఉద్యోగం, అభిరుచులతో నింపుతారు. వెతుక్కుంటూ వచ్చిన మనిషికి అక్కడ తెలియాల్సింది ఒక్కటే: వీళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చు? మీరు ఆ ఊళ్లోనే ఉంటారా, పండగలకు వస్తారా? సమాచారం స్వయంగా చూసి రాస్తారా, పెద్దవాళ్లను అడిగి రాస్తారా? తప్పు కనిపిస్తే ఎట్లా చెప్పాలి? ఈ మూడింటికీ జవాబు రాస్తే ఆ పేజీ పని పూర్తయింది. ఫోన్ నంబరు పెట్టకండి. ఈ పనికోసం విడిగా ఒక మెయిల్ ఐడీ తెరిచి అది ఇవ్వండి.

రంగులు, బొమ్మలు, పైన కదిలే అక్షరాలు, వీటి మీద ఒక పూట కంటే ఎక్కువ వెచ్చించొద్దు. తెల్లటి నేల, నల్లటి పెద్ద అక్షరాలు, తక్కువ బరువున్న ఫోటోలు చాలు. సిగ్నల్ సరిగా అందని చోట కూడా బ్లాగు తెరుచుకోవాలి.

వ్యాఖ్యల సంగతి మాత్రం వేరు. వాటిని మూసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వరంగల్‌కు చెందిన తెలుగు పండితులు కంది శంకరయ్య గారి "శంకరాభరణం" బ్లాగు చూడండి. టపాలో ఉండేది ఒక సమస్య, అంటే పద్యంలో పూరించాల్సిన ఒక పాదం. మిగిలిందంతా కింద వ్యాఖ్యల్లోనే. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి పద్యాలు పూరిస్తారు, దోషాలుంటే అక్కడే చర్చ జరుగుతుంది, దిద్దుబాట్లు జరుగుతాయి. అవధాన సభల్లోని ఒక పని అట్లా బ్లాగులోకి నడిచొచ్చింది. ఊరి బ్లాగులో కూడా టపాను జవాబుగా కాక ప్రశ్నగా రాయొచ్చు. "ఈ ఫోటోలోని బావి ఎవరు తవ్వించారో తెలిసినవాళ్లు చెప్పండి" అని పెట్టి చూడండి. ఊరు వదిలి బీదర్‌కో, పుణెకో, గల్ఫ్‌కో వెళ్లిన మనిషి రాసే నాలుగు వాక్యాల్లో మీకు తెలియని సంగతి ఉండొచ్చు. బూతులు, ప్రకటనలు రాకుండా "ఆమోదించాకే కనిపించాలి" అన్న అమరిక పెట్టుకోండి. పనికొచ్చే వ్యాఖ్య వస్తే దాన్ని టపాలోకి ఎక్కించి, చెప్పినవారు ఒప్పుకుంటే పేరు రాయండి.

ఇంతవరకు భాగాలు. ఇప్పుడు ప్రణాళిక.

మన జిల్లాలోనే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే రేడియో అది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాని బాధ్యత చూసుకున్నారు. పెద్ద చదువులు అక్కడ అర్హత కాలేదు. వినేవాళ్లు ఎవరో వాళ్లకు స్పష్టంగా తెలుసు: పగలంతా చేనులో పనిచేసి ఇంటికొచ్చిన ఆడవాళ్లు. అందుకని ప్రసారం సాయంత్రం పొద్దుకు పెట్టుకున్నారు. మాట తమ ఊరి మాటే. విషయాలు విత్తనాలు, పాత పంటలు, పాటలు, ఆరోగ్యం. ఎవరికోసం, ఏ వేళకు, ఏ మాటలో, ఏ విషయాల మీద అన్న నాలుగింటినీ వాళ్లు ముందే తేల్చుకున్నారు. మీరూ బ్లాగు తెరిచే ముందు ఈ నాలుగింటికీ జవాబు ఒక్కో వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఇంకో వారం ఆగండి.

మాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నారాయణఖేడ్ వైపు తెలుగులో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల్లో లంబాడీ కలిసిమెలిసి వినిపిస్తాయి. బ్లాగు అనగానే చాలామంది పత్రికల తెలుగులోకి మారిపోతారు, అప్పుడు ఊరు మాయమైపోతుంది. దారి, వేళలు, ఖర్చు చెప్పే పేజీలను అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయండి. పాత ముచ్చట్లను చెప్పినవాళ్ల నోటి మాటలోనే ఉంచండి. ఒక ముసలమ్మ విత్తనం దాచే పద్ధతి చెబితే ఆమె వాడిన పేర్లనే వాడండి, అవసరమైన చోట పక్కన అర్థం ఇవ్వండి. అన్నీ యూనికోడ్ తెలుగులోనే ఉండాలి. అక్షరాలను ఫోటోగా పెడితే వెతుకులాటలో అవి దొరుకుతాయన్న భరోసా లేదు. చేత్తో రాసిన పాత కాగితం ఫోటో పెట్టినా, కింద దాన్ని టైపు చేయండి.

"మా ఊళ్లో రాయడానికేముంది" అన్న సందేహం వస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చువేసి జవాబిచ్చారు. 354 మంది కవులు అందులో చేరారు. ఎవరున్నారో వెతికి, అడిగి, పోగుచేస్తేనే ఆ సంఖ్య తేలింది. మీ పనీ ఆ తీరుదే.

ఖాతా తెరవకముందే పది శీర్షికలు రాసుకోమంటాను. బోరంచకైతే నేను రాసుకునే పది ఇట్లా ఉంటాయి. ఖేడ్ నుంచి బోరంచకు దారి. నల్లపోచమ్మ గుడికి మొదటిసారి వచ్చేవాళ్లు తెలుసుకోవాల్సినవి. ఈ ఏడు జాతర. ఈ నెల మంజీర. నల్లరేగడిలో కంది, పత్తి, జొన్న: ఈ సీజన్ ఎట్లుంది. మా బడిలో చదివి వెళ్లినవాళ్లు. సింగూరు కట్టకముందు నది, పెద్దవాళ్ల మాటల్లో. పోచమ్మకు బోనం ఎట్లా వండుతారు. మా వైపు మాటలు, మొదటి ఇరవై. ఈ పాత ఫోటోలో ఎవరెవరు? వీటిలో మొదటి రెండూ పేజీలు. మూడు, నాలుగు, ఐదు మళ్లీ మళ్లీ రాసేవి, కాబట్టి ఏం రాయాలా అన్న దిగులు ఏడాదంతా ఉండదు. మిగిలినవి ఒక్కోటి ఒక్కో ఇంటికి వెళ్లి కూర్చుంటేనే తయారవుతాయి. నెలకు రెండు టపాలు చాలు. రోజూ రాస్తామని ముందు పేజీలో మాటివ్వకండి.

రాయకూడనివి కూడా కాగితం మీద ఉండాలి. పిల్లల ముఖాలు, వాళ్ల పేర్లు, బడి వివరాలు కలిపి పెట్టొద్దు. మొక్కు తీర్చుకుంటున్న వాళ్ల ఫోటో వాళ్లనడక్కుండా వేయొద్దు. పొలం గట్ల తగాదాలు, ఇంటి గొడవలు, ఊరి పెద్దల మీద వినికిడి మాటలు అసలే వద్దు. పరువు నష్టం భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, రేపు ఆ మనిషి గడప తొక్కాల్సింది మీరే.

డబ్బు వస్తుందా అని అడుగుతారు. గూగుల్ ప్రకటనల పథకం ఆడ్‌సెన్స్ 2018లో తెలుగుకూ వచ్చింది. అయినా ఒక ఊరి బ్లాగుకు వచ్చే జనంతో చెప్పుకోదగ్గ రాబడి ఉండదు. పైగా గుడి దారి వెతుక్కునే మనిషికి దారి కంటే ముందు ప్రకటన కనిపిస్తుంది. నేనైతే పెట్టను.

చివరగా, రాసింది నిలవడం. 2006 తర్వాత కొన్నేళ్లు తెలుగు బ్లాగులు జోరుగా సాగాయి. వీవెన్ తయారుచేసిన "లేఖిని"లో టైపు చేసి, "కూడలి"లో ఒకరి టపాలు ఒకరు చదువుకునేవాళ్లు. తర్వాత చాలామంది ఫేస్‌బుక్‌కు మారారు. అక్కడ రాసిన మంచి ముచ్చట్లను ఇప్పుడు వెతికి పట్టుకోవడం రాసినవాళ్లకే కష్టం. ఆనాటి బ్లాగుల్లో మూతపడకుండా మిగిలినవి మాత్రం ఇవాళ్టికీ వెతికితే తెరుచుకుంటున్నాయి. అయితే బ్లాగు కూడా దానంతటది నిలవదు. రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది. మూడు నెలలకోసారి బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ నొక్కి ఫైలు దించుకోండి. అందులో ఫోటోలు కూడా ఉంటాయన్న భరోసా పెట్టుకోకండి. వాటిని విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో తేదీల వారీగా దాచండి. ముఖ్యమైన టపాల లింకులను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచొచ్చు, దానికి డబ్బు తీసుకోరు.

ఇంకొక్క పని, దీన్ని మొదటి వారంలోనే చేయాలి. మన వైపు చదువుకున్నవాళ్లు పట్నం పోతారు. మీరు కూడా పోవచ్చు. పోయాక నెలనెలా మంజీర ఒడ్డున నిలబడి ఫోటో తీసేదెవరు? ఊళ్లోనే ఉండే ఇంకొకరిని, వీలైతే మీకంటే చిన్నవాళ్లను, ఒక ఆడపిల్లను, ఇప్పుడే మీతో కలుపుకోండి. బ్లాగర్ సెట్టింగుల్లో అనుమతులు అన్నచోట ఆమె మెయిల్ ఐడీ చేర్చి రచయితగా ఆహ్వానించండి. ఆమె ఒప్పుకున్నాక అడ్మిన్‌గా మార్చండి. మొదటి నెల ఫోటో మీరు తీయండి, రెండో నెలది ఆమెను తీయనివ్వండి.